పదకొండో క్లాజు

రువీలో రాత్రి తొమ్మిదిన్నర.
టైర్ల షాపు షట్టరు సగం దించి
ట్యూబ్‌లైటు కింద కూర్చున్నాను,
ఏడు పేజీల ఆఫరు, ఒక కరక్ చాయ్,
ధరలు రాసే నీలం పెన్సిలు.

బిజు కురియన్ పంపాడు దీన్ని.
ఇప్పుడు బ్రాంచి మేనేజరు, అప్పట్లో నా వెనక కుర్చీ.
"నువ్వు మాట్లాడితే రాయి కూడా నామినీ పేరు చెబుతుంది,
ఇంకెన్నాళ్లు టైర్లకు గాలి కొడతావ్" అన్నాడు హిందీలో.
ముఖస్తుతి అని తెలిసీ
ఆ వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నాను.

మొదటి ఏడు ముప్పై ఐదు శాతం.
రెండో ఏడు ఏడున్నర, ఆపైన అయిదు.
నేను మానేస్తే ఆ అయిదు ఎవరిది?
జవాబు నాలుగో పేజీలో ఉంది,
కళ్లద్దాలు తుడుచుకుంటే గానీ కనిపించనంత వినయంగా:
కంపెనీది.
టేబులు అద్దె నెలకు పాతిక రియాళ్లు.
లీడ్లు ఇస్తారట. ఎవరు వాడి పారేసినవి?
పెట్రోలు నాదే, ఫోను నాదే.
శుక్రవారం ఎవరిదో రాయలేదు.

ఇక్కడిదాకా బేరం. బేరం నాకు వచ్చు.
పదకొండో క్లాజు దగ్గర పెన్సిలు ఆగింది.

పాలసీ రెండేళ్ల లోపు ఆగిపోయినచో
ఇచ్చిన కమీషను ఏజెంటు నుండి వసూలు చేయబడును.

చేయబడును.
చేసేవాడి పేరు చెప్పని క్రియ.

గాలా క్యాంపులో, పన్నెండు మంచాల గదిలో
పై మంచం మీద కూర్చుని సంతకం పెట్టాడు
మెట్‌పల్లి బొల్లి పోశెట్టి.
పోశె అని రాసి ఆగాడు.
"ట్టి ఎట్లుంటదన్నా?"
బిస్కెట్ల అట్టపెట్టె మీద రాసి చూపించాను.
నెలకు తొమ్మిది రియాళ్లు.
"నాకేమన్న అయితె మా రాజవ్వకు పైసలస్తయి గద?"
వస్తాయి, అన్నాను.
"కడుతూ ఉంటే" అన్న ముక్క
నా నోట్లోనే ఉండిపోయింది,
కాగితంలో ఉంది గదా అని.

మూడు నెలలు వాళ్లకు జీతాలు పడలేదు.
నోటీసు అతని ఫోనుకే వచ్చింది, ఇంగ్లీషులో.
రీచార్జి ఆఫరేమో అనుకున్నాడట.
నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు,
అప్పటికి సోహార్‌లో ఇంకో క్యాంపు పట్టాను.

జూలైలో పరంజా మీంచి పడ్డాడు.
రాజవ్వ ఫోన్ చేసింది. ఏడవలేదు.
కాగితం మీది నంబర్లన్నీ వరసగా చదివింది,
పాలసీ నంబరు, టోల్‌ఫ్రీ నంబరు,
అడుగున ప్రెస్సువాడి నంబరు కూడా,
వాటిలో ఏదో ఒకటి డబ్బు అయ్యుంటుందన్నట్టు.

ఆ నెల నా కమీషన్లోంచి
ముప్పై ఏడు రియాళ్ల ఎనిమిది వందల బైసాలు కోశారు.
పోశెట్టి మీద నేను సంపాదించింది సరిగ్గా అంతే.
లెక్క సరిపోయింది.
మర్నాడు బ్యాడ్జి సొరుగులో పెట్టి వచ్చేశాను.

ఐదేళ్లు.
టైరుతో ఆ బాధ లేదు. గాడిలో స్కేలు పెట్టి లోతు చూపిస్తాను,
కొనేవాడు కొంటాడు.
కానీ మొన్న, సలాలా పోయే ట్రక్కు డ్రైవరుకు
స్టెప్నీ ఎందుకుండాలో చెబుతుంటే
నా గొంతు మారింది. మెత్తబడి, ముందుకు వంగి
పిల్లలెంతమంది అని అడుగుతోంది.
నాకది ఇష్టం.
అందుకే కదా ఈ పెన్సిలు.

బిజుకు ఫోన్ చేశాను.
శాతం కోసమనుకుని
నలభై దాకా చూస్తానన్నాడు నేనడగకముందే.
"కిస్తీ తప్పితే నాకూ కబురు రావాలి.
ఆ రోజే, నా ఫోనుకు. పదకొండు కింద రాసివ్వు."
కాసేపు వాళ్ల ఏసీ చప్పుడు విన్నాను.
"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు,
సిస్టమ్‌లో లేదేమో."
"కనుక్కో."

చాయ్ మీద మీగడ కట్టింది.
సంతకం గీత ఖాళీగానే ఉంది.
ఆఖరి పేజీ వెనక, ఏమీ తోచక,
రాస్తున్నాను పెన్సిలుతో
ట్టి. ట్టి.